ఊపిరికి శాతం కట్టేదెట్టా?

ఒక తరం తెలుగు పిల్లలు ‘అ ఆ’లు దిద్దింది మార్కాపురం పలక మీదే. కంభం పొరల రాయిని ఉలితో పల్చగా చీల్చి, అంచులు కోసి, చెక్క ఫ్రేము బిగిస్తే పలక. ప్లాస్టిక్ పలకలూ నోటు పుస్తకాలూ వచ్చాక బడి పలకకు గిరాకీ పడిపోయింది. అదే రాయి ఇప్పుడు నేలకూ గోడకూ అతికించే టైల్సుగా విదేశాలకు పోతోంది. సరుకు ఏదైనా, కోసేటప్పుడు లేచే దుమ్ము అదే. ఆ దుమ్ములో కంటికి ఆనని క్వార్ట్జ్ కణాలు ఊపిరితిత్తుల అడుక్కి చేరి అక్కడే ఉండిపోతాయి. ఆ జబ్బు పేరు సిలికోసిస్.

కింద మాట్లాడుకునే ఇద్దరూ నేను కల్పించినవాళ్లు. ఒకాయన కోత మిషను మీద ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి మానుకున్న మేస్త్రి, వయసు యాభై. రెండోవాడు ఆయన అక్క కొడుకు, గిద్దలూరులో పుట్టి ఒంగోలులో ఛాతీ జబ్బుల డాక్టరుగా ఉన్నాడు. మనుషులు కల్పన, చట్టాలూ కొలతలూ కల్పన కావు.

మేస్త్రి: ఊదమన్నావు, ఊదాను. ముక్కుకు క్లిప్పు పెట్టి ఆ పిల్ల చెవి పక్కన “ఊదు ఊదు, ఇంకా ఇంకా” అని అరుస్తుంటే కళ్లు బైర్లు కమ్మినయ్. చివరికి కాగితం మీద 82 శాతం అని వచ్చింది. దాని పక్కన నార్మల్ అంట. నార్మలయితే నేను మిషను దగ్గర్నించి ఎందుకు లేచొచ్చాను అల్లుడూ? కూలి చేదయ్యా?

డాక్టరు: ఆ 82 నువ్వు గట్టిగా పీల్చి, ఆపకుండా వదిలిన గాలి మొత్తం మామా. ఎఫ్‌వీసీ అంటాం. అందులో మొదటి సెకనులో ఎంత వచ్చిందో చెప్పేది ఎఫ్‌ఈవీ1. గొట్టాలు బిగుసుకుపోతే ఆ మొదటి సెకను గాలి తగ్గుతుంది. ఊపిరితిత్తులు గట్టిపడి సాగకపోతే మొత్తమే తగ్గుతుంది. దుమ్ము జబ్బులో రెండూ ఉండొచ్చు. నీ ఎత్తు, నీ వయసు ఉన్న ఆరోగ్యవంతుడికి ఎంత రావాలో లెక్కకట్టి, నీది అందులో ఎన్నో వంతో మిషను చెబుతుంది. 80 దాటితే మామూలే అనుకుంటారు.

మేస్త్రి: ఆ ఆరోగ్యవంతుడెవరు? తర్లుపాడోడా, అమెరికావోడా?

డాక్టరు: అడగాల్సిందే అడిగావు. చాలా దేశాల మనుషుల్ని కొలిచి 2012లో ప్రపంచానికంతా కలిపి లెక్కలు వేశారు. అందులో మన దేశపు జనానికి విడిగా లెక్క లేదు. మన దగ్గర కొలిచి కట్టిన లెక్కలు ఉన్నాయి గానీ అవన్నీ ఒకలా ఉండవు. కొన్నిచోట్ల తెల్లవాళ్ల అంకె తీసుకుని పదో వంతు కోసేయడం అలవాటు. ఉదాహరణకు అనుకుందాం. నీలాంటివాడికి ఒక లెక్కలో 4 లీటర్లు రావాలి, ఇంకో లెక్కలో 3.4 చాలు. నువ్వు ఊదింది 2.8. మొదటి లెక్కలో 70 శాతం, రెండో లెక్కలో 82.

మేస్త్రి: ఒక మీట నొక్కితే జబ్బు ఉంది, ఇంకో మీట నొక్కితే లేదు. భలే మిషను.

డాక్టరు: జబ్బు ఎక్కడికీ పోదు. కాగితం మీద దాని దర్జా మారుతుంది. నువ్వు ఎగతాళి చేస్తున్నది ఒక కోర్టు తగువే మామా. 1999లో అమెరికా బాల్టిమోర్‌లో ఆస్‌బెస్టాస్ దుమ్ముకు జబ్బు పడ్డ కార్మికులు కేసులు వేస్తే, నల్లవాళ్లకు ఊపిరి పుట్టుకతోనే తక్కువ గనక వాళ్లకు వేరే కొలత పెట్టాలని కంపెనీ వాదించింది. ఆ కొలత పెడితే నల్లవాడు ఇంకా ఎక్కువ జబ్బు పడితే గానీ పరిహారానికి అర్హుడు కాడు. 2023లో అమెరికా ఛాతీ వైద్యుల సంఘమే జాతిని బట్టి లెక్క మార్చడం ఆపమని చెప్పింది.

మేస్త్రి: అయితే మనకూ ఆ పెద్ద కొలతే పెట్టు. 70 రాసెయ్.

డాక్టరు: రాయను. కొలత పెంచితే నీకు లాభమే. మరి పోలీసు ఉద్యోగానికి పోయే మన వీధి కుర్రాడి సంగతి? ఏ జబ్బూ లేని పిల్లాణ్ని ఊపిరి చాలదని వెనక్కి పంపుతారు. చిన్నప్పుడు తిండి, పొయ్యి పొగ, తల్లి ఆరోగ్యం, ఇవన్నీ ఊపిరితిత్తుల సైజును తేలుస్తాయి. మనవాళ్లకు సగటున తక్కువ ఉన్నమాట నిజం. అది జాతి వల్లా, పేదరికం వల్లా అంటే నేను పేదరికమే ఎక్కువ అంటాను. కారణం ఏదైనా, కొలత మార్చడం నీ ఒక్కడి కేసు కోసం చేసే పని కాదు.

మేస్త్రి: సరే, కొలతల జోలికి పోను. నాకు నేనే కొలత. పనికి చేరినప్పుడు ఎట్ట ఉన్నానో ఊర్లో ఎవర్నడిగినా చెబుతారు. పలకల కట్టలు ఎత్తి లారీకి వేసేవాణ్ని. బలంలేనోణ్ని గనిలోకి ఎవడు రానిస్తాడు? నాది నూటికి నూరు కాదు, నూటపది ఉండేది.

డాక్టరు: (నవ్వలేదు.) ఇది మా పుస్తకాల్లోనూ ఉన్న మాటే మామా. మొరటు పనుల్లోకి వచ్చేది గట్టివాళ్లే కాబట్టి, వాళ్లను ఊళ్లోవాళ్లతో పోల్చితే నష్టం కనపడదు. నీది 110 నుంచి 82కి వచ్చి ఉంటే నాలుగో వంతు పోయినట్టు. కాగితం మాత్రం నార్మల్ అంటుంది. పొగతాగని మనిషికి వయసుతో ఏడాదికి పాతిక ముప్పై మిల్లీలీటర్లు పోవడం సహజం. అంతకు మించి ఎంత పోయిందో తెలియాలంటే మొదటి అంకె కావాలి. ప్రమాదకరమైన పనుల్లో చేరేటప్పుడూ, ఏడాదికోసారీ పరీక్ష చేయించాలని ఫ్యాక్టరీ చట్టంలోనే ఉండేది. నీకు చేశారా?

మేస్త్రి: చేరినప్పుడు పేరు కూడా రాసుకోలేదు. లెక్కంతా పలకలకే, మనిషికి ఏముంది లెక్క?

(ఈ మాట దగ్గర నేను మేస్త్రి పక్షం. ఒక మనిషి నష్టాన్ని కొలవడానికి అందరికన్నా నిక్కమైన కొలత ఆ మనిషి పాత ఊపిరే. దాన్ని రాసిపెట్టాల్సినవాళ్లు రాయలేదు. రాయనందుకు లాభపడేదీ వాళ్లే.)

మేస్త్రి: మిషను ఎందుకసలు? నన్నడగరాదూ? ఇంటి నుంచి బజారుకు పోతే మధ్యలో రెండు సార్లు ఆగాలి. స్నానం చేసి లుంగీ కట్టుకునేసరికి మంచం మీద కూలబడతా. ఇంతకన్నా ఏం కొలతలు?

డాక్టరు: ఆ మాటలకూ ఒక మెట్ల లెక్క ఉంది. అది పుట్టిందే నీలాంటివాళ్ల కోసం. వేల్స్ బొగ్గు గని కార్మికుల ఆయాసాన్ని కొలవడానికి కార్డిఫ్‌లో ఛార్లెస్ ఫ్లెచర్ అనే డాక్టరు ప్రశ్నలు కట్టాడు. గుట్ట ఎక్కితేనే ఆయాసమా, చదునైన దారిలో నీ ఈడువాళ్లతో కలిసి నడవగలవా, వంద గజాలకు ఆగుతావా, బట్టలు మార్చుకుంటేనే రొప్పొస్తుందా అని. ఈ రోజుకీ ప్రపంచమంతా అవే అడుగుతారు. నీది ఆఖరి రెండు మెట్ల మధ్య.

మేస్త్రి: ఇంకేం? రాసెయ్.

డాక్టరు: అది ఒక్కటే రాస్తే యజమాని వకీలు ఏమంటాడో చెప్పనా? ‘నటిస్తున్నాడు’ అంటాడు. అప్పుడు నీకు అక్కరకొచ్చేది నువ్వు తిట్టే మిషనే. కావాలని తక్కువ ఊదేవాడు మూడుసార్లు ఒకేలా తక్కువ ఊదడం చాలా కష్టం. మంచి ప్రయత్నాల్లో మేలైన రెండింటికీ తేడా 150 మిల్లీలీటర్లు మించకూడదని నియమం. నీ మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నువ్వు నిజం చెబుతున్నావని ఆ కాగితమే సాక్ష్యం.

మేస్త్రి: నా మాటకు మిషను సాక్షి! ఇంతకీ ఈ మిషను ఎవడు కనిపెట్టాడు?

డాక్టరు: లండన్‌లో జాన్ హచిన్సన్ అనే సర్జను. 1840ల్లో రెండు వేల మందికి పైగా మనుషుల చేత ఊదించి, ఎత్తు పెరిగేకొద్దీ ఊపిరి పెరుగుతుందని తేల్చాడు. జీవిత బీమా కంపెనీలకు ఇది పనికొస్తుందని ప్రచారం కూడా చేశాడు.

మేస్త్రి: అట్ట చెప్పు. మొదట్నుంచీ డబ్బు కట్టేవోడి కోసం పుట్టిన మిషను.

డాక్టరు: పుట్టుక ఎట్లా ఉంటేనేం. కూర్చుని ఊదిన ఊపిరి సగం కథే అని నేనూ ఒప్పుకుంటా. అందుకే నిన్ను వరండాలో ఆరు నిమిషాలు నడిపించాను. 30 మీటర్ల దూరం, అటూ ఇటూ. నువ్వు 340 మీటర్లు నడిచావు, మధ్యలో ఆగావు. మొదలుపెట్టినప్పుడు వేలికి తగిలించిన మిషనులో ఆక్సిజన్ 97, ముగిసేటప్పటికి 88. నాలుగు పాయింట్లు పడితేనే లెక్కలోకి తీసుకుంటాం, నీకు తొమ్మిది పడ్డాయి. గాలి లోపలికి పోతోంది గానీ రక్తంలోకి దాటడం లేదు. దాన్ని కొలిచే డీఎల్‌సీఓ పరీక్షలో నీకు వచ్చింది 55 శాతం. ఊదిన కాగితం నార్మల్ అంటే, ఇది మధ్యరకం నష్టం అంటుంది.

మేస్త్రి: ఇందాక నార్మల్ అన్నావు, ఇప్పుడు మధ్యరకం. ఒక మనిషిలో ఎంతమంది మనుషులయ్యా?

డాక్టరు: మిషను నిన్ను అడిగే ప్రశ్న ఒక్కటి కాదు కదా. ఎంత పీల్చగలవు, ఎంత వేగంగా వదలగలవు, పీల్చింది ఒంటికి పడుతోందా, కష్టపడినప్పుడు చాలుతుందా... ఒక్కో పరీక్ష ఒక్కోదానికి. ఎక్స్‌రేది వేరే సంగతి. నీ పై భాగాల్లో సన్నటి గుళికల్లాంటి మచ్చలున్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇచ్చిన నమూనా ఫిల్ములు పక్కన పెట్టుకుని, మచ్చలు ఎంత దట్టంగా ఉన్నాయో 0 నుంచి 3 దాకా దర్జాలు వేస్తాం. జబ్బు ఉందా లేదా అన్నది అది చెబుతుంది. ఎంత నష్టం అన్నది చెప్పదు. మచ్చలు నిండా ఉండి బాగా ఊదేవాళ్లున్నారు, మచ్చలు కొద్దిగా ఉండి కుర్చీలోంచి లేవలేనివాళ్లూ ఉన్నారు.

మేస్త్రి: షెడ్డాయన మాట వేరే. “నువ్వు బీడీలు తాగావు, దాని తాలూకు” అంటాడు.

డాక్టరు: తాగావు, అది నష్టం చేసింది, దాచి లాభం లేదు. కానీ బీడీ ఆ గుళికలు పెట్టదు. అవి నీకు రాతి దుమ్ముతో వచ్చినవే. ఇంకో మాట. ముందు నీకు టీబీ అని ఆరు నెలలు మందులిచ్చారు కదా?

మేస్త్రి: ఇచ్చారు. పలకల కాడ పనిచేసినోళ్లలో టీబీ మందు మింగనోడెవడు? ఆ మందులయిపోతే ఫైలు మూసేశారు. దుమ్ము సంగతి అడిగినోడు లేడు.

డాక్టరు: రాతి దుమ్ము ఉన్న ఊపిరితిత్తికి టీబీ తొందరగా అంటుకుంటుంది. 1923 నాటి పరిహార చట్టంలోనే సిలికోసిస్‌తో పాటు సిలికో-ట్యుబర్‌క్యులోసిస్ పేరు కూడా ఉంది, నష్టానికి సిలికోసిస్ ముఖ్య కారణమైతే చాలు. అంటే టీబీ అన్న ముద్ర పడ్డంత మాత్రాన నీ హక్కు పోదు. మధ్యప్రదేశ్‌లో మంద్‌సౌర్ అని ఊరుంది, అక్కడ బలపాలు కోస్తారు. 1980ల్లో అహ్మదాబాద్ జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ డాక్టర్లు ఆ కార్మికులకు ఎక్స్‌రేలు తీస్తే సగం మందికి పైగా సిలికోసిస్.

మేస్త్రి: పలక మనది, బలపం వాళ్లది. దుమ్ము మాత్రం చెరిసగం. సరే, ఇది చెప్పు. మా షెడ్డులో ఒకాయనకు కోత చక్రం కింద బొటనవేలు తెగింది. ఆయన్ని ఎవరూ ఊదమనలేదు, నడవమనలేదు. వేలు లేదని కళ్లకు కనపడింది, శాతం పడింది. నాకేమో ఇన్ని పరీక్షలా?

డాక్టరు: వేళ్లకు చట్టంలోనే పట్టిక ఉంది. బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు 14, నడిమి వేలు 12. ఊపిరితిత్తి పట్టికలో లేదు. దుమ్ము జబ్బు అయితే పరిహారం ఇవ్వాలని రాశారు గానీ ఎంత అనేది డాక్టరుకు వదిలేశారు. అది కూడా ఊపిరి ఎంత పోయిందని కాదు, సంపాదించే శక్తి ఎంత పోయిందని రాయాలి.

మేస్త్రి: అందులో డబ్బెంత?

డాక్టరు: 2020 నాటి ఉత్తర్వు ప్రకారం నెల జీతం ఎంతున్నా 15,000 మించి లెక్కపెట్టరు. పూర్తిగా పనికిరాకుండా పోతే అందులో 60 శాతం, అంటే 9,000. యాభై ఏళ్లవాడికి దాన్ని 153.09తో గుణించాలి. 13,77,810 రూపాయలు. 30 శాతం అని రాస్తే 4,13,343. అంటే నా పెన్ను ఒక శాతం అటో ఇటో జరిగితే 13,778 రూపాయలు జరుగుతాయి.

మేస్త్రి: అందుకా నీ చెయ్యి వణుకుతున్నది! జరుపు మరి. వందకి జరుపు. నేను కోత మిషను మీద మళ్లీ నిలబడలేను, నాకు ఇంకో పని రాదు. సంపాదన శక్తి సున్నా. తప్పేముంది?

డాక్టరు: కోత పనికి సున్నా. అది రాస్తాను, ఎందుకు సున్నానో కూడా రాస్తాను. కష్టం చేసేటప్పుడు ఒళ్లు వాడుకోగల ఆక్సిజన్‌లో 40 శాతం దాకా అయితే మనిషి రోజంతా సుఖంగా పనిచేయగలడని అమెరికా డాక్టర్లు 1986లో ఒక సూత్రం పెట్టారు. రాయి ఎత్తే పనికి ఎంత ఆక్సిజన్ కావాలి, నీకు ఎంత ఉంది, తేడా ఎంత, ఇలా చూపించొచ్చు. కాపలా పనికీ, కొట్టులో కూర్చునే పనికీ నీలో సత్తువ లేదని మాత్రం నేను రాయలేను. రాస్తే ఎదుటి వకీలు మొదట దాన్నే పట్టుకుని నీ కేసంతా అబద్ధమంటాడు.

మేస్త్రి: ఒంగోల్లో ఏసీ గదిలో కూర్చుని చెబుతున్నావు. మన పక్క కాపలా పనులు ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు. వానకు మొగం వాచిన నేల, బోరు వేస్తే ఫ్లోరైడు నీళ్లు. కూలి అంటే రాయన్నా మొయ్యాలి, మట్టన్నా మొయ్యాలి, లేదంటే వలసపోయి ఇటుకలన్నా మొయ్యాలి. కూర్చుని చేసే కొలువులు మార్కాపురంలో ఎవరికున్నాయి? ఉన్నవాళ్లకు ఉన్నాయి. సంపాదించే శక్తి అని చట్టం అన్నదంటే మనిషి ఒక్కణ్ని చూడమనా, వాడున్న ఊరిని కూడా చూడమనా?

డాక్టరు: ...ఊరిని కూడా చూడాలి. అది చూడాల్సింది పరిహారం తేల్చే కమిషనరు. నేను కాదు.

మేస్త్రి: కమిషనరు నువ్వు రాసిన అంకె చూస్తాడు. ఊరిని ఎవరూ చూడరు.

(ఇక్కడ డాక్టరు దగ్గర జవాబు ఉన్నా అది బలహీనమైనదే. వైద్యుడు నష్టం కొలవాలి, బతుకు మీద దాని బరువు తూచే పని అధికారిది. పుస్తకంలో ఆ విభజన బాగుంటుంది. ఫైల్లోకి వచ్చేసరికి డాక్టరు వేసిన అంకె ఒక్కటే మిగులుతుంది.)

మేస్త్రి: వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు పోతే అక్కడా ఇదే. చెయ్యి చూశారు, కాలు చూశారు, కన్ను చూశారు. ఊపిరికి మా దగ్గర గడి లేదు పొమ్మన్నారు.

డాక్టరు: 2016 వికలాంగుల చట్టంలో 21 రకాలు లెక్కపెట్టారు. తలసేమియా ఉంది, పార్కిన్సన్స్ ఉంది. ఊపిరితిత్తుల జబ్బు లేదు. నలభై శాతం దాటితే ఇచ్చే 6,000 పింఛను నీకు ఆ దారిలో రాదు. ఇది అన్యాయమే.

మేస్త్రి: ఒప్పుకున్నావుగా. మరి రాజస్థాన్‌లో ఎట్ట ఇస్తున్నారు? శాతాలు గీతాలు లేకుండా ఎక్స్‌రే చూసి సిలికోసిస్ అని తేలితే డబ్బులిస్తారంటగా.

డాక్టరు: 2019 పాలసీ. జబ్బు తేలితే 3 లక్షలు, పోతే కుటుంబానికి ఇంకో 2 లక్షలు. నాకు అందులో నచ్చనిది ఒకటుంది. నడవగలిగినవాడికీ ఆక్సిజన్ సిలిండరు పక్కన పడుకున్నవాడికీ ఒకటే మొత్తం. దక్షిణాఫ్రికా బంగారు గనుల కేసులో 2019లో కోర్టు ఆమోదించిన ఒప్పందంలో ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష రెండూ చూసి మెట్లు పెట్టారు. 70 వేల రాండ్ల నుంచి ఐదు లక్షల దాకా.

మేస్త్రి: ఆ మెట్లెక్కేలోగా మనిషి పోతాడు. మూడు లక్షలు ముందు చేతిలో పెట్టు, శాతాలు తర్వాత తీరిగ్గా కొలుచుకో. ఇక్కడ అట్టాంటి కాగితం నా చేతికి ఎవరూ ఇయ్యలేదు.

డాక్టరు: ముందు కొంత, తర్వాత కొలిచి మిగతాది. దానికైతే నాకు అభ్యంతరం లేదు. నిజానికి వైద్యం ప్రకారం కూడా అదే సరి. దుమ్ము మానేసినా ఈ జబ్బు ఆగుతుందని లేదు, లోపల మచ్చలు పెరుగుతూ పోవచ్చు. ఇవాళ 55 అని రాసి జీవితాంతం అదే అంకె మీద లెక్క తేల్చడం తప్పు. ఏడాదికోసారి కొలవాలి.

మేస్త్రి: ఏడాదికోసారి వంద కిలోమీటర్ల దాకా బస్సులో ఒంగోలు రావాలి, తోడొకరు, రెండు కూలీలు పోవాలి. ఊదే మిషను మార్కాపురం ఆస్పత్రిలో పెట్టి, ఊదించడం తెలిసిన పిల్లనొకదాన్ని కూర్చోబెడితే నీ సొమ్మేం పోయె?

డాక్టరు: నా సొమ్మేం పోదు. మిషను పెద్ద ఖరీదు కూడా కాదు. ఊదించేవాళ్లు సరిగ్గా లేకపోతే మాత్రం ఆ కాగితం నీకు శత్రువవుతుంది. తప్పుగా ఊదిన నార్మల్ కన్నా ఊదకపోవడమే మేలు. అరిచిందని తిట్టావు గానీ, ఆ అమ్మాయి అరవబట్టే నీ మూడు గీతలూ కలిశాయి.

మేస్త్రి: తిట్టలేదులే. గొంతు పెద్దదన్నా. సరే, ఇప్పుడు ఏం రాస్తావు?

డాక్టరు: ఎక్స్‌రే దర్జా, ఊదిన మూడు గీతలు, ఏ లెక్క ప్రకారం శాతం కట్టానో ఆ లెక్క పేరు, వేరే లెక్కయితే ఎంత వచ్చేదో అదీ రాస్తా. నడిచినప్పుడు పడిపోయిన ఆక్సిజన్, డీఎల్‌సీఓ, నీ ఆయాసం మెట్టు. దాని కింద కోత పనికి పూర్తిగా పనికిరాడు అని. శాతం గడిలో 60 వేస్తా. 100 వెయ్యను.

మేస్త్రి: 60 ఎక్కడిది?

డాక్టరు: కొంత కొలత, కొంత నా అంచనా. అబద్ధం చెప్పను. ఇంకో డాక్టరు 45 అనొచ్చు, ఇంకొకరు 75.

మేస్త్రి: బాగుంది. రెండు గంటలు మిషన్లకు కట్టేసి చివరికి అంచనా అంటావు. దానికన్నా నా అంచనా ఏం తక్కువ? ఆ 60 కింద నేను చేసిన పని రాయి. రోజుకు ఎన్ని పలకలు కోసేవాణ్ణో, కట్ట బరువెంతో, నీళ్లు పోయకుండా కోయించారనీ, మూతికి తువ్వాలు తప్ప ఏమీ లేదనీ. కమిషనరు అంకెతో పాటు అదీ చదవాలి.

డాక్టరు: అది న్యాయమైన మాట. చెప్పు, రాస్తాను. మొదట ఎవరి దగ్గర పనిచేశావు?

మేస్త్రి: అదే చిక్కు. ఒక్క షెడ్డా? సీజనుకొకటి. కొన్ని మూతబడ్డయ్, ఒకటి కల్యాణ మండపం అయింది. చీటీ ఒక్కటీ లేదు. ఎవరి మీద వెయ్యాలి కేసు?

డాక్టరు: అందరి మీదా. ఈ రకం జబ్బుకు ఒక యజమాని దగ్గరే రావాలని లేదు. చాలామంది దగ్గర చేసి ఉంటే ఎవరి వంతు ఎంతో కమిషనరు పంచాలని 1923 చట్టంలోనే ఉంది. పక్కన పనిచేసినవాళ్లను సాక్షులుగా తెచ్చుకోవాలి.

మేస్త్రి: మూతబడ్డవి కూడా రాయాలా?

డాక్టరు: రాయాలి.

మేస్త్రి: వాటిలో ఒకటి మీ నాన్నది.

డాక్టరు: తెలుసు మామా. ముందు దాంతోనే మొదలుపెట్టు. ఏ ఏడాది చేరావు?